నడుం నొప్పికి మంచం మందు కాదు

ఊడ్పుల కూలీకి, బస్తాల జట్టుకు నడుమే పెట్టుబడి - రోజుకు పావుగంట కసరత్తే దానికి కాపు

సార్వా ఊడ్పులు వచ్చాయంటే గోదావరి డెల్టా పల్లెల్లో తెల్లవారకముందే చేలగట్ల మీద సందడి మొదలవుతుంది. దమ్ము చేసిన మడిలో దిగిన ఆడకూలీలు వంచిన నడుం వంచినట్టే ఉంచి, వెనక్కి అడుగులు వేస్తూ మధ్యాహ్నం దాకా నాటుతూనే ఉంటారు. కోతలయ్యాక బరువు మగవాళ్ళ మీద పడుతుంది. పనలు మోయడం, బస్తాలు ఎత్తి లారీకి వేయడం, ఎరువు కట్టలు గట్టుకు చేర్చడం అన్నీ నడుం మీద నడిచే పనులే.

ఊడ్పులు పట్టుమని నెల రోజులుంటాయి. పిల్లల ఫీజులు, డ్వాక్రా వాయిదాలు, చేబదుళ్ళు ఆ నెల కూలి డబ్బుల మీదే ఆధారపడి ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లో నడుం పట్టేస్తే ఆ ఇంటికి సగం ఏడాది దెబ్బ తగిలినట్టే. అప్పుడు పల్లెల్లో సాధారణంగా మూడు పనులు చేస్తారు. మంచం ఎక్కడం మొదటిది. సూది వేయించుకోవడం రెండోది. బజారుకెళ్ళి నడుంకు బెల్టు కొనుక్కోవడం మూడోది. మూడింటివల్లా కొంత ఉపశమనం కలిగినట్టే ఉంటుంది. అసలు జబ్బు మాత్రం మళ్ళీ ఊడ్పుల నాటికి తిరిగి వస్తుంది. నడుంను తిరిగి నిలబెట్టేది పద్ధతిగా చేసే కసరత్తేనని ఈ జబ్బు మీద పనిచేసిన వైద్యులు చెబుతున్నారు.

ఈ బాధ మన డెల్టాకే పరిమితం కాదు. 2020లో ప్రపంచం మొత్తం మీద 61 కోట్ల 90 లక్షల మంది నడుం నొప్పితో ఉన్నారని అంచనా. 2050 నాటికి ఈ సంఖ్య 84 కోట్లు దాటవచ్చని లెక్క కట్టారు. మనుషులను పనికి దూరం చేసే జబ్బుల్లో ఇదే మొదటిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పడుకుంటే తగ్గుతుందా?

నడుం పట్టేస్తే పదిహేను రోజులు కదలకుండా పడుకోమని ఒకప్పుడు డాక్టర్లే చెప్పేవారు. 1986లో అమెరికాలో 203 మంది రోగుల మీద దీన్ని పరీక్షించి చూశారు. కొందరిని రెండు రోజులు, మరికొందరిని ఏడు రోజులు పడుకోమన్నారు. నొప్పి తగ్గడంలో ఇద్దరికీ తేడా ఏమీ కనిపించలేదు. పనికి పోలేని రోజులు మాత్రం, రెండు రోజులు పడుకోమన్న వారికి నూటికి 45 వంతులు తక్కువ పడ్డాయి. ఆ తర్వాత జరిగిన పరిశోధనలూ ఇదే దారి చూపాయి. ఇప్పుడు వైద్యులు సాధారణంగా వారాల తరబడి మంచం మీద ఉండమని చెప్పడం లేదు.

దీనికి కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. కట్టేసి మేపిన ఎద్దు దుక్కికి పనికిరాదని రైతుకు తెలుసు. వాడని కండ కూడా అంతే, కొద్ది రోజుల్లోనే సడలుతుంది. నొప్పి మరీ తీవ్రంగా ఉంటే ఒకటి రెండు రోజులు నడుం వాల్చవచ్చు. మూడో రోజు నుంచి నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు ఇంట్లోనే లేచి తిరగడం, చిన్న చిన్న పనులు చేసుకోవడం మేలు.

తెరచాప కొయ్యకు తాళ్ళు ఎలాగో

నడుం భాగంలో ఐదు వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పూసకూ పూసకూ మధ్య మెత్తని బిళ్ళ ఉంటుంది. దీన్నే డిస్క్ అంటారు. ఈ పేర్పు తనంత తానుగా నిలబడేది కాదు. కండరాలు తీసేసి, ఎముకలు, వాటిని కట్టి ఉంచే నరాల్లాంటి కట్లు మాత్రమే ఉంచి 1990 దశకంలో నడుం వెన్నును పరీక్షించారు. అది సుమారు 9 కిలోల బరువుకే పక్కకు ఒరిగిపోయింది. అదే వెన్నుతో జట్టుకూలీ 50 కిలోల సిమెంటు బస్తా మోస్తున్నాడంటే ఆ బలం ఎముకది కాదు, చుట్టూ ఉన్న కండలది.

గోదావరి మీద తిరిగిన తెరచాప పడవలను చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తెరచాప కొయ్యను నాలుగు పక్కలా తాళ్ళు లాగి పట్టుకుంటాయి. ఒక తాడు వదులైనా గాలికి కొయ్య ఊగుతుంది. నడుంకు ముందు పొట్ట కండలు, రెండు పక్కలా డొక్క కండలు, వెనక వెన్ను కండలు అలాంటి తాళ్ళే. పైన ఊపిరి ఆడించే పొర, కింద కటి భాగపు కండలు వీటికి తోడు. కడుపులో పేగుల బరువు మోస్తూ, మనిషి లేచినా కూర్చున్నా ఇవన్నీ కలిసి పట్టు ఇస్తాయి. ఈ పట్టు సడలితే బరువంతా బిళ్ళల మీద, కట్ల మీద పడుతుంది.

నొప్పి తగ్గినా కండ కోలుకోదు

నడుం పట్టేసి నాలుగు రోజులకు తగ్గిపోతే ఇక బాగైనట్టే అనుకుంటారు. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. ఆస్ట్రేలియాలో మొదటిసారి నడుం నొప్పి వచ్చిన 39 మందిని పరిశీలించారు. వెన్నుపూసలను ఆనుకుని ఉండే లోపలి కండ నొప్పి వచ్చిన పక్కన చిక్కిపోయి కనిపించింది. కొందరికి మామూలు వైద్యం, కొందరికి దానితోపాటు నాలుగు వారాల కసరత్తు ఇచ్చారు. ఇద్దరికీ నొప్పి తగ్గింది. అయితే కసరత్తు చేయనివారిలో ఆ కండ తిరిగి పూడలేదు. ఏడాది తిరిగేసరికి కసరత్తు చేసినవారిలో నూటికి 30 మందికి మాత్రమే నొప్పి తిరగబెడితే, చేయనివారిలో నూటికి 84 మందికి తిరగబెట్టింది. ఇది చిన్న పరిశోధనే అయినా, నొప్పి తగ్గిన రోజు నుంచే అసలు పని మొదలవుతుందని గట్టిగా చెప్పింది.

రోజుకు పావుగంట

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద దశాబ్దాల పాటు పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ అనే శాస్త్రవేత్త నడుంకు బలమిచ్చే మూడు కసరత్తులు ఎంచి చెప్పారు. వెన్ను మీద ఎక్కువ బరువు పడకుండానే చుట్టూ ఉన్న కండలకు పని చెప్పడం వీటి ప్రత్యేకత. వీటికి ఖర్చు లేదు. నేల మీద ఒక చాప, దాని మీద మడతపెట్టిన దుప్పటి చాలు. భోజనం చేసిన వెంటనే కాకుండా, నిద్ర లేచిన వెంటనే కాకుండా చూసుకోవాలి. పనికి వెళ్ళేవారికి సాయంత్రం వీలుగా ఉంటుంది.

ముందుగా ఒళ్ళు సడలించుకోవాలి. చేతులు, మోకాళ్ళు నేలకు ఆనించి ఆవులా నిలబడాలి. పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు వీపును మెల్లగా పైకి ఎత్తి, మళ్ళీ మెల్లగా కిందికి దించాలి. ఆరేడుసార్లు చేస్తే చాలు. బలవంతంగా వంచకూడదు.

మొదటిది తల ఎత్తే కసరత్తు. వెల్లకిలా పడుకుని ఒక కాలు చాపి, రెండో కాలు మోకాలి దగ్గర మడిచి పాదం నేలకు ఆనించాలి. రెండు అరచేతులు నడుం కింద ఉండే పల్లంలో పెట్టుకోవాలి. ఆ పల్లం నేలకు అణిగిపోకుండా, తలా భుజాలు కలిపి నాలుగు వేళ్ళ ఎత్తు మాత్రమే లేపాలి. గడ్డాన్ని గుండెకు ఆనించనవసరం లేదు. పదంకెలు లెక్కపెట్టి దించాలి. లెక్క పైకి వినబడేలా పెడితే ఊపిరి బిగబట్టే అలవాటు పోతుంది. పూర్తిగా లేచి కూర్చుని కాళ్ళు అందుకునే పాత కసరత్తు నడుం నొప్పి ఉన్నవారికి పనికిరాదు.

రెండోది పక్కవాటు కసరత్తు. ఒక పక్కకు తిరిగి పడుకుని మోచేయి భుజం కిందికి వచ్చేలా నేలకు ఆనించాలి. మోకాళ్ళు మడిచి ఉంచాలి. మోచేయి, మోకాలు మీద బరువు వేసి పిరుదును నేల మీద నుంచి లేపాలి. భుజం నుంచి మోకాలి దాకా వాసంలా తిన్నగా ఉండాలి. పదంకెలు లెక్కపెట్టి దించి, రెండో పక్కకు తిరిగి చేయాలి. భుజం నొప్పి ఉన్నవారు గోడకు మోచేయి ఆనించి, పక్కకు ఒరిగి నిలబడి చేసుకోవచ్చు.

మూడోది నాలుగు కాళ్ళ కసరత్తు. మళ్ళీ ఆవులా నిలబడి, కుడి చేయి ముందుకు, ఎడమ కాలు వెనక్కి ఒకేసారి చాపాలి. నడుం మీద నిండు చెంబు పెట్టినా తొణకనంత నిలకడగా ఉండాలి. కాలు పిరుదు కంటే ఎత్తుకు పోకూడదు. పదంకెలయ్యాక దించి, చేయీ కాలూ మార్చాలి. రెండూ చాపలేనివారు మొదటి వారం కాలు ఒక్కటే చాపవచ్చు.

ప్రతి కసరత్తూ మొదట ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగుసార్లు, మళ్ళీ ఆగి రెండుసార్లు చేయాలి. మొదటి వారం అందులో సగంతో మొదలుపెట్టినా తప్పులేదు. పదంకెల కంటే ఎక్కువసేపు బిగబట్టే బదులు లెక్క పెంచుకోవడం మంచిది. కండ ఒళ్ళుపట్టడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. నాలుగు రోజులు చేసి ఫలితం లేదని మానేసేవారే ఎక్కువ.

అయితే ఈ మూడే గొప్పవి, మిగతావి పనికిరావని ఎవరూ తేల్చలేదు. యోగాసనాలు అలవాటున్నవారు అవే చేసుకోవచ్చు. ఏ రకమైనా మానకుండా చేయడమే ముఖ్యమని పరిశోధనలన్నీ కలిపి చూసినవారు చెబుతున్నారు.

బోర్లా పడుకుంటే...

రోజంతా వంగి పనిచేసేవారికి ఉపయోగపడే మరో పద్ధతి న్యూజిలాండ్ నుంచి వచ్చింది. 1956లో అక్కడి ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ దగ్గరకు కాలి దాకా నొప్పి పాకిన రోగి ఒకరు వచ్చారు. తల వైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద ఆ రోగి బోర్లా పడుకుని, నడుం వెనక్కి వంగిన స్థితిలో కొన్ని నిమిషాలు ఉండిపోయారు. మెకెంజీ వచ్చి చూసేసరికి కాలి నొప్పి పోయిందని ఆయన చెప్పారు. అనుకోకుండా కనిపించిన ఈ విషయం మీదే మెకెంజీ తన వైద్య పద్ధతిని నిర్మించారు.

మధ్యాహ్నం అన్నాలకు గట్టెక్కినప్పుడు, తినే ముందు, గోనె పట్టా పరుచుకుని రెండు నిమిషాలు బోర్లా పడుకోవాలి. ఇబ్బంది లేకపోతే మోచేతుల మీద గుండె ఎత్తి మరో రెండు నిమిషాలు ఉండాలి. చోటు లేకపోతే నిలబడి రెండు చేతులు నడుం మీద వేసి వెనక్కి ఐదారుసార్లు మెల్లగా వంగినా సరే.

ఇక్కడ ఒక గుర్తు పెట్టుకోవాలి. కసరత్తు చేస్తుంటే కాలిలో ఉన్న నొప్పి పైకి నడుంలోకి వస్తే మంచిదే. నడుంలో ఉన్న నొప్పి కిందికి పిక్కలోకి, పాదంలోకి పాకితే ఆ కసరత్తు వెంటనే ఆపాలి. నాలుగడుగులు నడిస్తే కాళ్ళు లాగి, ముందుకు వంగితేనో కూర్చుంటేనో హాయిగా ఉండే వృద్ధులకు ఈ వెనక్కి వంగే పద్ధతి సరిపడదు.

వంగడం తప్పు కాదు

నడుం ఎప్పుడూ కర్రలా ఉండాలనేది కూడా సరైన మాట కాదు. వంగడానికే నడుం ఉంది. కదలకుండా ఒకే తీరులో గంటలు గంటలు ఉండిపోవడమే చేటు. 1992లో మెక్‌గిల్ జరిపిన పరీక్షలో 20 నిమిషాలు పూర్తిగా వంగి కూర్చున్నవారి వెన్ను కట్లు సాగిపోయాయి. లేచాక రెండు నిమిషాలు గడిచినా సగం బిగువే తిరిగి వచ్చింది. అరగంట దాటినా కొంత వదులు మిగిలే ఉంది.

ఇందులో పొలం పనికి పనికొచ్చే నీతి ఉంది. ఊడ్పు నుంచి, కలుపు నుంచి లేచిన వెంటనే నారు కట్టలు గానీ, ఎరువు బస్తా గానీ ఎత్తకూడదు. నడుం నిటారుగా చేసి, నాలుగడుగులు వేసి, ఆ తర్వాతే బరువు ముట్టుకోవాలి. ముఠా అంతా కలిసి అరగంటకొకసారి ఒక్క నిమిషం నడుం ఎత్తే పద్ధతి పెట్టుకుంటే పని ఏమీ వెనకబడదు. రైతులు కూడా ఆ ఒక్క నిమిషానికి గొణగకూడదు.

తెల్లవారుజామున మరింత జాగ్రత్త అవసరం. రాత్రి పడుకున్నప్పుడు వెన్ను బిళ్ళలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున్నే మనిషి సాయంత్రం కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగ్గా ఉండేది అందుకే. ఆ వేళ వంగితే బిళ్ళ మీద ఒత్తిడి ఎక్కువ. నిద్ర లేచాక మొదటి రెండు గంటలు వంగడం తగ్గించుకున్నవారికి పాత నడుం నొప్పి తగ్గిందని 1998లో అమెరికాలో జరిగిన పరిశోధనలో తేలింది.

మన ఇళ్ళలో ఆడవాళ్ళు లేస్తూనే చేసేవన్నీ వంగే పనులే. వాకిలి ఊడవడం, కళ్ళాపి చల్లడం, ముగ్గు వేయడం, పేడకళ్ళు తీయడం, అంట్లు తోమడం ఒకదాని వెంట ఒకటి సాగుతాయి. చీపురుకు వెదురు కర్ర కట్టి పొడుగు చేసుకుంటే నిలబడే ఊడవవచ్చు. అంట్లు తోమే చోట అరుగు ఎత్తు చేసుకోవచ్చు. బరువైన వంగుడు పనులు కాస్త పొద్దెక్కాక పెట్టుకోవచ్చు. పొద్దున్నే పేడ తట్ట ఎత్తే పని మగవాళ్ళు అందుకుంటే ఇంకా మంచిది.

బరువు పొట్టకు దగ్గరగా

బరువు ఎంతుందన్నదే కాదు, ఎంత దూరంలో ఉందన్నదీ చూడాలి. ఏతాం తొక్కినవారికి ఈ లెక్క చెప్పనక్కరలేదు. వెన్ను కండలు పూస నడిమికి రెండు మూడు వేళ్ళ దూరం నుంచే లాగాలి. పది కిలోల బరువును మూర దూరంలో పట్టుకుంటే ఆ కండలు సుమారు 90 కిలోల బలంతో లాగవలసి వస్తుంది. అదే బరువును జాన దూరానికి తెచ్చుకుంటే లాగవలసింది సగానికి తగ్గుతుంది.

అంచేత బస్తా ఎత్తేటప్పుడు ముందు దాన్ని కాళ్ళ మధ్యకు, పొట్టకు దగ్గరగా లాక్కోవాలి. నడుం దగ్గర కాకుండా తుంటి దగ్గర, మోకాళ్ళ దగ్గర వంగాలి. ఇది నేర్చుకోవడానికి చేతికర్రను వీపు మీద నిలువుగా పెట్టుకోవాలి. తల వెనక, భుజాల మధ్య, నడుం కింది ఎముక దగ్గర మూడు చోట్లా కర్ర తగులుతూ ఉండగా వంగి లేవడం పదిసార్లు అభ్యాసం చేయాలి. బరువుతో నడుం మెలితిప్పకుండా పాదాలతో తిరగాలి. యూరియా కట్ట 2018 నుంచి 50 కిలోల బదులు 45 కిలోలదే వస్తోంది. అయినా ఒంటిచేత్తో గుంజి భుజాన వేసుకునేంత తేలిక కాదు. ఇద్దరు కలిసి ఎత్తాలి.

కాగితం చూసి బెదరవద్దు

స్కాన్ తీయించుకుని 'డిస్క్ అరిగింది', 'డిస్క్ ఉబ్బింది' అనే మాటలు చదివి, ఇక పొలం పనికి పనికిరామని బెంగపెట్టుకునేవారు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ఏ నొప్పీ లేని 3 వేల మందికి పైగా తీసిన స్కాన్లను 2015లో ఒకచోట చేర్చి చూశారు. ఇరవై ఏళ్ళవారిలోనే నూటికి 37 మందికి, ఎనభై ఏళ్ళవారిలో నూటికి 96 మందికి బిళ్ళ అరుగుదల కనిపించింది. జుట్టు నెరిసినట్టే బిళ్ళ కూడా అరుగుతుంది. కాగితం మీద అరుగుదల ఉన్నంత మాత్రాన అదే నొప్పికి కారణమని అనుకోనక్కరలేదు. స్కాన్ అవసరమా, ఆపరేషన్ అవసరమా అన్నది రోగిని పరీక్షించిన డాక్టరు తేల్చాలి.

సూది, మాత్ర, బెల్టు

నొప్పి మాత్ర నాలుగు రోజులు వాడితే లేచి తిరగడానికి సాయపడుతుంది. రోజూ టీతోపాటు వేసుకునే అలవాటుగా మారితే కడుపులో పుళ్ళు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు ఉన్నవారికి, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేసేవారికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. సూది వేయించుకునేవారు అందులో ఉన్న మందు పేరు అడిగి తెలుసుకోవాలి. అది స్టెరాయిడ్ అయితే రెండు రోజులు హుషారుగానే ఉంటుంది. పదే పదే పడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

ఇక బెల్టు విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుం నొప్పి మీద మొట్టమొదటి మార్గదర్శకాలు వెలువరించింది. కసరత్తు, జబ్బు గురించి రోగికి వివరంగా చెప్పడం అందులో ముందు వరుసలో ఉన్నాయి. నడుం బెల్టులు, బరువులు కట్టి లాగే వైద్యం మామూలుగా వాడవద్దని అదే సంస్థ చెప్పింది. పొట్ట, డొక్క, వెన్ను కండలే దేవుడిచ్చిన బెల్టు. వాటిని బిగించుకోవడానికి డబ్బు ఖర్చు లేదు.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

నడుం నొప్పుల్లో చాలా భాగం ప్రమాదం లేనివే. కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం కసరత్తు జోలికి పోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మూత్రం ఆగిపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ, మలం మీద అదుపు తప్పడం, తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ పోవడం అన్నింటికంటే ప్రమాదకరమైనవి. వీటికి గంటలే లెక్క, రోజులు కాదు. కాలు ఈడ్చుకుపోవడం, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకపోవడం నరం నొక్కుకుందనడానికి గుర్తు.

కొబ్బరి చెట్టు మీద నుంచి, తాటిచెట్టు మీద నుంచి పడ్డాక వచ్చిన నొప్పికి ముందు ఎముక విరిగిందేమో చూపించాలి. రాత్రిపూట నిద్రలేపే నొప్పి, సాయంత్రం జ్వరం, ఒళ్ళు తగ్గిపోవడం కలిసి ఉంటే వెన్నుకు క్షయ సోకిందేమో పరీక్ష చేయించాలి. క్యాన్సరుకు వైద్యం చేయించుకున్నవారు ఏ కొత్త నడుం నొప్పినీ తేలిగ్గా తీసుకోకూడదు. గర్భిణులు, నడుంకు ఆపరేషన్ అయినవారు డాక్టరును అడిగే కసరత్తు మొదలుపెట్టాలి.

నడక కూడా మందే

కసరత్తులు గుర్తుండవనేవారికి నడక ఉంది. నడుం నొప్పి తగ్గిన 701 మంది మీద ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. కొందరికి ఫిజియోథెరపిస్టు సలహాతో నడక మెల్లగా పెంచి, వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడిపించారు. వారిలో సగం మందికి నొప్పి తిరగబెట్టేసరికి 208 రోజులు గడిచాయి. ఏమీ చేయనివారిలో సగం మందికి 112 రోజులకే తిరగబెట్టింది. నెత్తిన మోపుతో నడిచే నడక వేరు, ఈ నడక వేరు. చేతులు ఊపుకుంటూ, తల ఎత్తి, కాలువగట్టు మీద ఖాళీగా నడవాలి.

కాలువలు కట్టేసినప్పుడే

నడుం పట్టేశాక కసరత్తు వెతుక్కోవడం కంటే ముందే మొదలుపెట్టడం తెలివైన పని. దాళ్వా కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. గట్ల మరమ్మతులు, పూడికతీత ఆ రోజుల్లోనే చేస్తారు. నీళ్ళు వదిలాక గండి పూడ్చడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. నడుం మరమ్మతుకూ అదే అదను. మే నెలలో మొదలుపెడితే ఊడ్పుల నాటికి ఎనిమిది వారాలు నిండుతాయి. ఊడ్పుల్లో ఆపకుండా, రోజు విడిచి రోజైనా చేసుకుంటే పట్టు సడలదు.

కసరత్తు సరిగా చేస్తున్నామో లేదో ఒకసారి చూసి చెప్పే మనిషి ఉంటే ఎంతో మేలు. ఫిజియోథెరపిస్టులు పెద్దాసుపత్రుల్లోనే ఉండడంతో పల్లెల వారు కూలి మానుకుని బస్సెక్కి వెళ్ళలేకపోతున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నెలకు రెండు రోజులైనా ఫిజియోథెరపిస్టును పంపించాలని గ్రామసభల్లో గట్టిగా అడగవలసిన అవసరం ఉంది. మహిళా సంఘాల సమావేశాల్లో పది నిమిషాలు కేటాయించి ఈ మూడు కసరత్తులూ అందరూ కలిసి నేర్చుకోవచ్చు. చదువు రాకపోయినా చూసి చేయగలిగినవే ఇవి. కూలికి పోయే ప్రతి ఇంట్లో ఒక చాప, పావుగంట తీరిక ఉంటే వచ్చే సార్వాకు నడుం సిద్ధంగా ఉంటుంది.